రక్తములో నిత్యజాగరణము

(ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము చేసిన ఉపన్యాసపాఠము)



1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1948లో అమెరికాలో కన్నుమూసిన సుబ్బారావుగారి పేర ప్రసంగించుమని మీరు కోరినప్పుడు, ఆయన చేతిమీదుగా వెలువడిన విషయములలో నొకదానిని ఎన్నుకొనుట నాకు సులభమై యుండెడిది. కండరములలోని ఫాస్ఫోక్రియేటిన్ గాని, కాలేయమునుండి వేరుచేసిన ఫోలిక్ ఆమ్లము గాని, బోదకాలు వ్యాధికి నేటికిని వాడుకలోనున్న డైఈథైల్‌కార్బమజైన్ గాని, ఒక్కొక్కటియు ఒక్కొక్క ఉపన్యాసమునకు చాలును. అయినను ఆయన సాధనలో అధికభాగము, ఎన్నెన్నో పదార్థములు కలగలసిన జీవరసములనుండి అత్యల్పముగా నున్న ఒక్క పదార్థమును ఓపికతో విడదీసి, దాని గుణమును నిర్ధారించుటయే గనుక, అట్టి సాధననే ఆయన గతించిన ఆరేండ్లకు అమెరికాలోనే మరియొక శాస్త్రజ్ఞుడు రక్తముపై జరిపిన వృత్తాంతమును, దానినుండి నేటివరకు విస్తరించిన విజ్ఞానమును మీ ముందుంచుట ఆ మహనీయుని స్మృతికి తగిన పని యని తలచితిని. ఆ విజ్ఞానము కాంప్లిమెంటు వ్యవస్థలోని ప్రత్యామ్నాయ మార్గమునకు సంబంధించినది.

రక్తము గడ్డకట్టిన పిదప పైకి తేరు సీరములో జీవకణము లేవియు లేకున్నను, అది సూక్ష్మజీవులను చంపగలదని 1890 ప్రాంతమున హాన్స్ బుఖ్నర్ మొదలగు జర్మను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ సీరమును 56 డిగ్రీల వేడిలో అరగంటసేపు ఉంచినచో ఆ శక్తి నశించుననియు, వేడికి చెడని ప్రతిరక్షకములు మాత్రము అందులో మిగిలియుండుననియు, తాజా సీరమును కొంచెము చేర్చినచో నశించిన శక్తి మరల వచ్చుననియు పారిస్ నగరమందలి పాస్టర్ సంస్థలో జూల్ బోర్డే నిరూపించెను. వేడికి చెడు ఆ భాగమునకు కాంప్లిమెంటు అను పేరును స్థిరపరచినవాడు పాల్ ఎర్లిక్. ఆ తరువాత అర్ధశతాబ్దముపాటు విద్వాంసుల నమ్మకము ఇది: ప్రతిరక్షకము ముందు శత్రువును పట్టుకొనును, కాంప్లిమెంటు దాని వెంట వచ్చి సంహరించును, ప్రతిరక్షకము లేనిచోట కాంప్లిమెంటుకు స్వతంత్రమైన పని లేదు.

ఈ నమ్మకములో ఒక వెలితి కలదు. మునుపెన్నడును ఎరుగని సూక్ష్మజీవి శరీరములో ప్రవేశించినప్పుడు దానికి సరిపోవు ప్రతిరక్షకము తయారగుటకు దినములు పట్టును. సూక్ష్మజీవికో అరగంటకొక తరము. ఆ మధ్యకాలములో రక్తము చేతులు ముడుచుకొని కూర్చుండునా యను ప్రశ్నకు ప్రయోగముద్వారా సమాధానము వెదకినవాడు క్లీవ్‌లాండ్ నగరమున వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయములో పనిచేసిన లూయీ పిల్లిమర్.

ఆయన చేసిన ప్రయోగమును కొంత దగ్గరగా చూడవలయును. రొట్టెలు పొంగించుటకు వాడు ఈస్టు కణముల పైపొరలనుండి తీసిన జైమోసాన్ అను పదార్థమును మానవసీరములో కలిపి, మన శరీరపు వేడియైన 37 డిగ్రీలలో నుంచినచో, కాంప్లిమెంటులోని మూడవ అంశము, నేడు మనము సి3 అని వ్యవహరించునది, వ్యయమైపోవును. ఇది అంతకుముందే తెలిసిన విషయము. పిల్లిమర్ అదే మిశ్రమమును 17 డిగ్రీల చల్లదనములో నుంచి చూచెను. అప్పుడు సి3 చెక్కుచెదరలేదు. కాని ఆ జైమోసాన్‌ను వడిగా త్రిప్పి అడుగునకు దించి, పైనున్న సీరమును తీసి, దానిలో క్రొత్త జైమోసాన్ వేసి 37 డిగ్రీలకు వేడిచేసినప్పుడు కూడ సి3 చెక్కుచెదరలేదు! అనగా, మొదటి జైమోసాన్ చల్లదనములో సి3ని విడిచిపెట్టి, సి3 వ్యయమగుటకు అవసరమైన మరియొక పదార్థమును తనతో అడుగునకు తీసికొనిపోయినది. ఆ పదార్థమును జైమోసాన్‌నుండి విడిపించి సీరమునకు తిరిగి చేర్చినయెడల పోయిన సామర్థ్యము మరలివచ్చినది. కేవలము ఉష్ణోగ్రతాభేదమును కరవాలమువలె కాక సూక్ష్మమైన పరికరముగా వాడి, కలిసియున్న రెండు వ్యాపారములను విడదీసిన ఈ యుక్తి నాకు ఎప్పుడు తలచినను పరమానందమును కలిగించును. ఆ పదార్థమునకు ప్రొపర్డిన్ అని పేరుపెట్టి, 1954 ఆగస్టు 20 నాటి సైన్స్ పత్రికలో పిల్లిమర్ తన సహచరులతో కూడి ప్రకటించెను. ప్రతిరక్షకముల ప్రమేయము లేకుండ ప్రొపర్డిన్, సి3, మరికొన్ని అంశములు, మెగ్నీషియము కలిసి సూక్ష్మజీవులను, వైరసులను ఎదుర్కొనగలవని ఆయన సిద్ధాంతము.

సిద్ధాంతమునకు వచ్చిన కీర్తి వెంటనే విమర్శయు వచ్చినది. ప్రతి మానవుని సీరములోను ఈస్టు పొరలకు అంటుకొనగల సహజ ప్రతిరక్షకములు స్వల్పముగా నుండును గదా, ప్రొపర్డిన్ అనుచున్నది వాని చేష్టయే కావచ్చును గదా యని 1958లో రాబర్ట్ నెల్సన్ వాదించెను. ఆ విమర్శ ముద్రణ రూపము దాల్చకముందే, 1957 ఆగస్టు 31న, పిల్లిమర్ మరణించెను. వాదమునకు బదులు చెప్పవలసినవాడు లేకపోయెను. చాలమంది ఆ విషయమును విడిచిపెట్టిరి. విమర్శకుని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆనాటి పరికరములతో ఆ సందేహము న్యాయమైనదే. కాని సత్యమైన పరిశోధన యొకటి దాదాపు పదేండ్లు అనాథయై పడియుండుట చూచినప్పుడు, సుబ్బారావుగారి పేరు కూడ తాను బ్రతికియున్న నాళ్లలో ఎంత మరుగున పడియుండెనో తెలిసిన మనకు హృదయము కలుక్కుమనక మానదు.

పిల్లిమర్ శిష్యుడును సహచరుడునైన ఇర్విన్ లెపో ఆ పనిని విడువలేదు. 1968 నాటికి ప్రొపర్డిన్ శుద్ధరూపమున లభించి, అది ప్రతిరక్షకము కాదనియు, వేరొక ప్రోటీననియు తేలినది. సంప్రదాయమార్గమనబడు ప్రతిరక్షకముల మార్గమునకు అత్యవసరమైన సి4 అను అంశము పుట్టుకతోనే లేని గినీపందుల జాతి 1970లో బయటపడినది. వాని సీరములో సంప్రదాయమార్గము సంపూర్ణముగా మూతపడియున్నను, బాక్టీరియా పొరలనుండి తీసిన ఎండోటాక్సిన్‌ను కలిపినప్పుడు సి3 యథాప్రకారము వ్యయమైనది. 1971లో కాలిఫోర్నియాలోని లహోయా పట్టణమున ఓట్టో గోట్సె, హాన్స్ ముల్లర్-ఎబర్‌హార్డ్ అను ఇరువురు ఆ రెండవ దారిలోని అంశములను గుర్తించి చూపిరి. అంతటితో ప్రత్యామ్నాయ మార్గమను పేరు స్థిరపడినది.

ఇక ఆ మార్గము ఏ విధముగా మేల్కొనుచున్నదో చూతము. ఒక్కమాటలో చెప్పవలెనన్న, అది మేల్కొనదు, ఎన్నడును నిద్రించదు. సి3 మన ప్లాస్మాలో మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రామునకు పైగా నుండు పెద్ద ప్రోటీను. దాని గర్భములో థయోఎస్టర్ అను ఒక బంధము మడతలమధ్య దాగియున్నది. ఆ బంధము చాల ఆతురమైనది. ఏ హైడ్రాక్సిల్ గుంపు దొరకినను దానితో కలియగోరును. నీటికంటె సులభముగా దొరకు హైడ్రాక్సిల్ ఏది? కావున ఏ సూక్ష్మజీవియు లేకున్నను, ఏ గాయము తగులకున్నను, మన ప్లాస్మాలోని సి3లో గంటకు సుమారు 0.2 నుండి 0.4 శాతము, నీరు మడతలలోనికి చొరబడుటచేత, తనంత తానుగా రూపము మార్చుకొనుచుండును. నివురు గప్పిన నిప్పు అని మనవారు చెప్పు మాట దీనికి అక్షరాల తగును.

ఆ విధముగా మారిన సి3ని ఫ్యాక్టర్ బి అను ప్రోటీను మెగ్నీషియము సాయముతో అంటుకొనును. అంటుకొన్నంతనే ఫ్యాక్టర్ డి దానిని రెండుగా ఖండించి, చిన్న తునకను విడిచిపెట్టి, పెద్ద తునకయైన బిబిని అక్కడనే నిలుపును. ఈ ఫ్యాక్టర్ డి ప్రధానముగా క్రొవ్వుకణములనుండి వెలువడునదనియు, మిల్లీలీటరు ప్లాస్మాలో ఒకటి రెండు మైక్రోగ్రాములకు మించి యుండదనియు ప్రక్కమాటగా మనవిచేయుచున్నాను. ఇట్లు ఏర్పడిన జంట ఒక ఎంజైము. దాని ఆహారము మరల సి3యే. అది సి3నుండి సి3ఎ అను చిన్న ఖండమును తెంచివేయగా, మిగిలిన సి3బిలో ఇంతకుముందు దాగియున్న థయోఎస్టర్ బంధము దాదాపు 85 ఆంగ్‌స్ట్రాముల దూరము జరిగి బయటి ప్రపంచమును చూచును. ఆ స్థితిలో దాని ఆయుష్షు సెకనులో పదివేలవ వంతుకంటె తక్కువ. ఆ లిప్తలో ప్రక్కన ఏ కణపు ఉపరితలమున్నను, దాని చక్కెరలలోని హైడ్రాక్సిల్‌కు అది విడదీయరాని విధముగా అతుక్కొనును. లేనిచో నీటితో కలిసి వ్యర్థమగును.

అతుక్కొన్న ప్రతి సి3బికిని మరల ఫ్యాక్టర్ బి వచ్చి చేరును, ఫ్యాక్టర్ డి మరల ఖండించును, మరియొక ఎంజైము సిద్ధమగును, అది మరికొన్ని సి3లను చీల్చి సి3బిలుగా మార్చును. ఫలము కారణమై, ఆ కారణమే మరల ఫలమును పెంచు ఈ చక్రమే ప్రత్యామ్నాయ మార్గపు ప్రాణము. ప్రతిరక్షకములద్వారా మొదలైన సంప్రదాయమార్గము కూడ సి3బిని పుట్టించునదే గనుక, దాని పనియు ఈ చక్రముద్వారానే బహుళమగును. ఈ ఎంజైము అస్థిరమైనది. శరీరపు వేడిలో సుమారు 90 సెకనులలో సగము విడిపోవును. ప్రొపర్డిన్ వచ్చి పట్టుకొన్నచో దాని ఆయుష్షు ఐదునుండి పదిరెట్లు పెరుగును. సి3బిలు దట్టముగా పేరుకొన్నచోట సి5 చీలును. దాని ఖండమైన సి5ఎ తెల్లకణములను పిలుచును, సి5బి చుట్టును సి6, సి7, సి8, పిమ్మట అనేక సి9లు వలయముగా చేరి కణపు పొరలో రంధ్రము చేయును.

ఇంతవరకు విన్నవారికి తప్పక ఒక భయము కలుగవలయును. సి3బికి స్వపరభేదము లేదు. సూక్ష్మజీవియొక్క చక్కెరయైనను, మన ఎర్ర రక్తకణపు చక్కెరయైనను దానికి సమానమే. అట్లయినచో మనమింకను బ్రతికియుండుట యెట్లు? ఈ విషయమున నా అభిప్రాయమును దాచుకొనక చెప్పుదును: ప్రత్యామ్నాయ మార్గమునకు క్రియాశీలతను గూర్చిన అధ్యాయము ఉపోద్ఘాతము మాత్రమే, నియంత్రణమే అసలు గ్రంథము. ప్రతిరక్షకములు పరులను గుర్తించి దండించును. ఈ మార్గము అందరిమీదను చేయివేసి, తనవారిని మాత్రము గుర్తించి విడిచిపెట్టును.

నిగ్రహము లేనిచో ఏమగునో 1970 ప్రాంతమున బోస్టన్ వైద్యులు పరిశీలించిన ఒక రోగివలన లోకమునకు తెలిసినది. అతనికి మాటిమాటికి బాక్టీరియా వ్యాధులు వచ్చుచుండెడివి. రక్తములో సి3 అత్యల్పముగా నుండెను. సి3 తయారుకాకపోవుట కాదు, తయారైనదంతయు నిష్కారణముగా దగ్ధమగుచుండెను. ఆ చక్రమును ఆపవలసిన ఫ్యాక్టర్ ఐ అతనికి లేదని తరువాత తేలినది. 1973లో నికోల్, పీటర్ లాక్‌మన్ అను ఇరువురు ఆరోగ్యవంతుల సీరమునుండి ఆ ఫ్యాక్టర్ ఐని తొలగించి చూడగా, ఏ జైమోసాన్‌ను కలుపకుండనే సి3 అంతయు తనంత తాను వ్యయమైనది. చక్రము సదా తిరుగుచునే యున్నదనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకదు.

ప్రకృతి ఆ నిగ్రహమును చెరచు పద్ధతి నొకదానిని నాగుపాము విషములో పొందుపరచినది. ఆ విషము కాంప్లిమెంటును నశింపజేయునని ఫ్లెక్స్‌నర్, నొగూచి ఇరువదవ శతాబ్దపు ఆరంభముననే వ్రాసిరి. అందులోని ఒక ప్రోటీను నాగుపాము తన సి3నుండి మలచుకొన్న సి3బి ప్రతిరూపమనియు, అది మన ఫ్యాక్టర్ బితో జతకట్టి చేయు ఎంజైము గంటలకొలది నిలుచుననియు, మన నియంత్రకములు దానిని తాకజాలవనియు నేడు మనకు తెలియును.

నియంత్రకములలో అగ్రగణ్యము ఫ్యాక్టర్ హెచ్. ఇరువది చిన్న ముడులు వరుసగా గ్రుచ్చిన పొడవైన ప్రోటీను ఇది. ప్లాస్మాలో సమృద్ధిగా నుండును. దాని మొదటి నాలుగు ముడులు సి3బిని పట్టుకొని, బిబిని త్రోసివేసి, ఫ్యాక్టర్ ఐ వచ్చి సి3బిని కోయుటకు తోడ్పడును. కోయబడిన సి3బి ఇక ఎంజైముగా మారజాలదు. ఫ్యాక్టర్ డి, ఫ్యాక్టర్ ఐ రెండును ఎల్లప్పుడు చురుకుగానుండు ఎంజైములే యైనను, మొదటిది సి3బిపై ఫ్యాక్టర్ బి కూర్చుండిననే తప్ప కోయదు, రెండవది సి3బి ప్రక్కన ఫ్యాక్టర్ హెచ్ వంటి సహకారి నిలిచిననే తప్ప కోయదు. కావున ప్రతి సి3బి విషయమునను వివాదము ఒక్కటే: ముందు చేరునది ఫ్యాక్టర్ బియా, ఫ్యాక్టర్ హెచ్చా?

ఆ వివాదమును తీర్చునది ఉపరితలము. మానవసీరము కుందేటి ఎర్రకణములను సులభముగా పగులగొట్టును, గొర్రె ఎర్రకణములను మాత్రము తాకదు. 1978లో డగ్లస్ ఫియరన్ గొర్రె కణములపైనున్న సియాలిక్ ఆమ్లమును ఎంజైముతో తొలగించి చూడగా, అంతవరకు సురక్షితములైన ఆ కణములపై ప్రత్యామ్నాయ మార్గము విజృంభించినది. ఫ్యాక్టర్ హెచ్ చివరి రెండు ముడులు ఒకేసారి సి3బి తునకను, ప్రక్కనున్న సియాలిక్ ఆమ్లమును పట్టుకొనునట్లు నిర్మితములైనవి. మన కణములన్నియు ఆ ఆమ్లమును ధరించియుండుటచేత ఫ్యాక్టర్ హెచ్ అక్కడ గట్టిగా నిలుచును. ఈస్టు పొరలకు ఆ ఆమ్లము లేదు. అచ్చట ఫ్యాక్టర్ బిదే గెలుపు. పిల్లిమర్ జైమోసాన్‌నే ఎన్నుకొనుట ఎంతటి భాగ్యమో ఇప్పుడు మనకు అర్థమగును.

ఇది చాలదన్నట్లు మన కణములు తమ పొరలలోనే కొన్ని నియంత్రకములను నాటుకొన్నవి. ఎంజైమును విడగొట్టునది డిఎఎఫ్. రంధ్రము పూర్తికాకుండ అడ్డుకొనునది సిడి59. ఈ రెండును ఒక కొవ్వు లంగరుతో కణమునకు తగిలియుండును. ఎముకమజ్జలోని మూలకణములో పిగ్-ఎ అను జన్యువు చెడినప్పుడు ఆ లంగరు తయారుకాదనియు, దానినుండి పుట్టిన ఎర్రకణములు రెండు రక్షణలను కోల్పోయి పగిలి, మూత్రమును నల్లగా మార్చుననియు 1993లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పి.ఎన్.హెచ్. అను ఆ వ్యాధిని గుర్తించుటకు సీరమును కొంచెము ఆమ్లీకరించి కణములపై ప్రయోగించు పరీక్షను థామస్ హామ్ 1937లోనే ప్రవేశపెట్టెను. ఆ పరీక్షలో కణములు పగులుటకు ప్రొపర్డిన్ కారణమని 1956లో పిల్లిమర్ బృందమే ప్రకటించినది. ఎడతెగక కణములు పగులుచుండుటచేత ఈ రోగులకు ఫోలిక్ ఆమ్లము కొరవడును గనుక వైద్యులు నేటికిని దానిని మాత్రలుగా ఇచ్చుచున్నారు. సుబ్బారావుగారి బృందము శ్రమించి సాధించిన ఆ పచ్చని పొడి ఈ కథలో ఇట్లు వచ్చి చేరినది.

ఫ్యాక్టర్ హెచ్ చివరి ముడులలో లోపము పుట్టుకతో వచ్చినచో మూత్రపిండములలోని సన్నని నాళములలో రక్తము గడ్డకట్టి, కణములు పగిలి, బాలలు సైతము ప్రాణాపాయమున పడుదురు. భారతదేశమున దీనికొక విశేషము కలదు. ఈ వ్యాధి సోకిన ఇచటి పిల్లలలో సుమారు సగముమందికి లోపము జన్యువులో కాక, ఫ్యాక్టర్ హెచ్‌నే పరాయిదిగా ఎంచి వారి శరీరము తయారుచేసిన ప్రతిరక్షకములలో కనబడుచున్నది. ఈ భేదము విద్యార్థి పరీక్షకొరకు నేర్చుకొనవలసినది కాదు. అట్టి బిడ్డలకు ప్లాస్మా మార్పిడిని, ప్రతిరక్షకములను అణచు ఔషధములను ఆలస్యము లేక మొదలుపెట్టినచో మూత్రపిండములు దక్కును. కాంప్లిమెంటును అడ్డుకొను అత్యంత ఖరీదైన ఔషధము దొరకనిచోట కూడ మన ఆసుపత్రులలో చేయదగిన చికిత్స ఇది. వంటిమీద ఉబ్బుతో, పాలిపోయిన ముఖముతో వచ్చిన బిడ్డకు ఆ ప్రతిరక్షకములకై పరీక్ష చేయించవలెనని స్ఫురించు వైద్యుడు ప్రతి జిల్లాలోను ఉండవలయునని నా ప్రార్థన.

ఇదే ఫ్యాక్టర్ హెచ్‌లో, ఏడవ ముడిలో, 402వ స్థానమున టైరోసిన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నవారికి వృద్ధాప్యములో చూపుమధ్యభాగము క్షీణించు వ్యాధి వచ్చు అవకాశము అధికమని 2005లో ఒకేసారి అనేక బృందములు ప్రకటించినవి.

సూక్ష్మజీవులును ఊరకుండలేదు. మెనింజైటిస్ కలిగించు మెనింగోకాకస్ తన పొరపైన ఒక ప్రోటీనును నిలిపి, దానితో మన ఫ్యాక్టర్ హెచ్‌ను పట్టి కప్పుకొని, మన కణములవలె చెలామణి యగును. ప్రొపర్డిన్ లేక పుట్టినవారికి ఈ వ్యాధియే ప్రాణాంతకముగా వచ్చుటను స్వీడన్ వైద్యులు 1982లో వర్ణించిరి. ప్రొపర్డిన్‌కు స్వతంత్రమైన పని కలదా యను 1958 నాటి సందేహమునకు అది తుది సమాధానము.

చికిత్సలో ఫలితములు ఆలస్యముగా వచ్చినను గొప్పగా వచ్చినవి. సి5 చీలకుండ అడ్డుకొను ఎక్యులిజుమాబ్ 2007లో పి.ఎన్.హెచ్. వ్యాధికి అనుమతి పొందినది. దానివలన రంధ్రము ఆగినను, కణములపై సి3బి పేరుకొనుట ఆగలేదు. అట్లు గుర్తు పడిన కణములను కాలేయము మింగుచుండుటచేత కొందరు రోగులకు రక్తహీనత మిగిలిపోయినది. ఆ చిక్కు చక్రమునే ఆపవలెనని నేర్పినది. ఫ్యాక్టర్ బిని నిరోధించు ఇప్టకోపాన్ అను గొట్టపుమాత్ర 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతింపబడినది. ఫ్యాక్టర్ డిని నిరోధించు డానికోపాన్ 2024లో వచ్చినది.

ఈ ఔషధములను వాడువారిలో మెనింగోకాకస్‌ను చంపు శక్తి తగ్గును గనుక, చికిత్సకు కనీసము రెండు వారములు ముందుగా వారికి టీకా వేయుదురు. ఆ టీకాలలో బి-వర్గమునకు ఉద్దేశించినవానిలో ముఖ్యాంశము, ఫ్యాక్టర్ హెచ్‌ను దొంగిలించు సూక్ష్మజీవి ప్రోటీనే. టీకా వేసినను రక్షణ సంపూర్ణము కాదు. ఆ ప్రోటీనుకు వ్యతిరేకముగా పుట్టిన ప్రతిరక్షకము కూడ సంహారమునకు కాంప్లిమెంటునే ఆశ్రయించవలసియున్నది. అందుచేత పలువురు వైద్యులు టీకాతోపాటు పెన్సిలిన్ మాత్రలను కూడ ప్రతిదినము వాడించుచు, జ్వరము తగిలిన గంటలోనే ఆసుపత్రికి రమ్మని రోగి చేతికొక చీటీ వ్రాసియిచ్చుచున్నారు.